హారం మీద కన్నేసి ఉంచు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ దీవెనలు. నీ ఉత్తరం అందింది. "లెక్కలంటే భయం లేదు పెద్దమ్మా, కానీ స్టాటిస్టిక్స్ క్లాసులో కూర్చుంటే ఫార్ములాలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, ఏది ఎక్కడ వాడాలో తెలియక టెన్షన్ వస్తోంది" అని రాశావు. ముప్ఫై ఏళ్లు ఈ సబ్జెక్టే చెప్పాను కదా, ఈ మాట ఏటా ఎవరో ఒకరి నోట వినేదాన్ని. నీ తెలివికేం లోటు లేదు. ప్రశ్న ఏమిటో మనసుకు పట్టకముందే ఫార్ములా చేతికిచ్చేస్తారు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

అందుకే నీకు ఒకే ఒక్క అలవాటు నేర్పాలని ఈ ఉత్తరం. ఏ లెక్క చేస్తున్నా, ఏ శాతం విన్నా, ముందు "దేనిలో ఎంత?" అని అడుగు. పైనున్న లవం అందరికీ కనిపిస్తుంది. మనం చేసే తప్పుల్లో ఎక్కువ భాగం కిందున్న హారంలోనే ఉంటాయి.

నేను చదువుకునే రోజుల్లో మొదటి పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇది: రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మే పడే సంభావ్యత ఎంత? రెండు బొమ్మలు, ఒక బొమ్మ ఒక బొరుసు, రెండు బొరుసులు, మూడే కదా అనుకుని 1/3 రాసి వచ్చాను. మా మాస్టారు పేపరు పక్కన పెట్టి, రెండు నాణేలు తీసి ఒకదాని మీద సిరా చుక్క పెట్టారు. "ఇప్పుడు పడే విధాలన్నీ రాయమ్మా" అన్నారు. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయాను. చుక్క నాణెం బొమ్మ, రెండోది బొరుసు. చుక్క నాణెం బొరుసు, రెండోది బొమ్మ. నేను ఒకటిగా లెక్కపెట్టింది నిజానికి రెండు. మొత్తం నాలుగు విధాలు, జవాబు 1/4. చుక్క పెట్టకముందు కూడా అవి నాలుగే, నాకు కనపడలేదు, అంతే. ఆ చుక్క నాణెం ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది.

ఇలాంటి చోట మహామహులే తడబడ్డారు. 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో దలాంబేర్ అనే గొప్ప గణితవేత్త ఒక నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్క బొమ్మ పడే అవకాశం 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఇక రెండోసారి ఎగరేయక్కర్లేదు కాబట్టి విధాలు మూడేనన్నాడు. విధాలు మూడైతే కావచ్చు, కానీ వాటి బరువులు సమానం కావు. మొదటిసారే బొమ్మ పడటానికి సగం అవకాశం ఉంది, మిగతా రెండింటికీ పావు చొప్పున ఉంది. అసలు జవాబు 3/4.

దానికి సరిగ్గా నూరేళ్ల ముందు, 1654లో, పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఫ్రెంచి గణితవేత్తలు ఉత్తరాల్లో ఇదే చిక్కుముడి విప్పుకున్నారు. సంభావ్యత శాస్త్రం మొదలైంది ఆ ఉత్తరాలతోనే అంటారు. ఆ లెక్క నువ్వు చేత్తో చెయ్యాలి. ఇద్దరు ఆటగాళ్లు చెరో 32 బంగారు నాణేలు పందెం కాశారు. ముందుగా మూడు ఆటలు గెలిచినవాడికి మొత్తం 64. ఒకడు రెండు, ఇంకొకడు ఒకటి గెలిచాక ఆట ఆగిపోయింది. డబ్బు ఎలా పంచాలి? ఫెర్మా పద్ధతి ప్రకారం ఇంకా రెండు ఆటలు జరిగాయనుకుందాం. ఫలితాలు నాలుగు రకాలు. ముందున్నవాడు మూడింటిలో గెలుస్తాడు, వెనకున్నవాడు రెండూ గెలిస్తేనే గెలుస్తాడు. కాబట్టి ఒకడికి 48, ఇంకొకడికి 16. "మొదటి ఆటతోనే తేలిపోతే రెండోది ఆడరు కదా, దాన్నెలా లెక్కిస్తారు?" అని రోబెర్వాల్ అనే మరో గణితవేత్త అభ్యంతరం చెప్పాడు. ఆడని ఆటను కూడా లెక్కలోకి ఎందుకు తీసుకుంటామో నీకు అర్థమైన రోజున సంభావ్యతలో సగం వచ్చేసినట్టే. నాలుగు విధాలకూ సమానమైన బరువు రావడం కోసమే అది.

కాబట్టి మొదటి రెండు వారాలూ క్రమచయాలు, సంచయాల ఫార్ములాల (విధాలను రాయకుండానే లెక్కపెట్టేవి) జోలికి పోకు. కాగితం మీద అన్ని విధాలూ విడివిడిగా రాయి. రెండు పాచికల పట్టిక, 36 గళ్లు, గీసుకో. మొత్తం 7 వచ్చే గళ్లు ఆరు, అవి వాలుగా ఒకే వరుసలో ఉంటాయి. చేత్తో రాయడం విసుగు పుట్టాకే ఫార్ములా దగ్గరికి వెళ్లు. అప్పుడది నీ పని తగ్గించే పనిముట్టులా కనిపిస్తుంది.

పరస్పర వివర్జిత ఘటనలకీ స్వతంత్ర ఘటనలకీ తేడా దగ్గర దాదాపు అందరూ తికమకపడతారు. "రెంటికీ సంబంధం లేదు" అనే మాట రెండు చోట్లా సరిపోయినట్టు అనిపించడమే కారణం. పరస్పర వివర్జితం అంటే ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదు, అంతకంటే గట్టి సంబంధం ఏముంటుంది? స్వతంత్రం అంటే ఒకటి జరిగినా రెండోదాని అవకాశం మారదు. పాచికలో సరిసంఖ్య పడటం, 2 కంటే మించకుండా పడటం తీసుకో. మొదటిది 1/2, రెండోది 1/3, రెండూ కలిసి జరిగేది 2 పడితేనే, అంటే 1/6. గుణిస్తే సరిపోయింది, కాబట్టి అవి స్వతంత్రం. సరిసంఖ్య పడిందని తెలిశాక హారం 6 నుంచి 3కి తగ్గింది, లవం 2 నుంచి 1కి తగ్గింది, నిష్పత్తి మాత్రం కదల్లేదు. స్వతంత్రం అంటే ఇదే.

షరతు సంభావ్యతలో, అంటే ఒకటి జరిగిందని తెలిశాక ఇంకొకటి జరిగే అవకాశంలో, జరిగేది కూడా హారం మారడమే. దీని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టు, ఎందుకంటే ఇది పరీక్షతో పోయేది కాదు, బతుకులో పనికొస్తుంది. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉందనుకో. జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందిని టెస్టు పట్టేస్తుంది. జబ్బు లేనివాళ్లలో కూడా నూటికి 5గురికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. ఒకరికి పాజిటివ్ వచ్చింది. నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? చాలామంది 90 శాతం అంటారు. నువ్వు శాతాలు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెట్టు. 10,000 మందిని తీసుకో. జబ్బున్నవాళ్లు 100, వాళ్లలో పాజిటివ్ 90. జబ్బు లేనివాళ్లు 9,900, వాళ్లలో పాజిటివ్ 495. మొత్తం పాజిటివ్‌లు 585. అందులో జబ్బున్నవాళ్లు 90, అంటే నూటికి 15 మంది చిల్లర. 90 శాతం అన్నది "జబ్బున్నవాళ్లలో" ఎంతమంది అని. మనకు కావలసింది "పాజిటివ్ వచ్చినవాళ్లలో" ఎంతమంది అని. హారాలే వేరు. 1763లో అచ్చయిన వ్యాసం రాసిన బేయీస్ పేరుతో, బేయీస్ సూత్రం అని నీకు చెప్పేది ఈ లెక్కే. ముందు మనుషుల్ని లెక్కపెట్టడం వస్తే, సూత్రం దానంతటదే గుర్తుంటుంది. తర్వాత్తర్వాత పి-విలువ (ఒక ఊహ నిజమే అనుకుంటే, కనీసం ఇంత తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) అనేది వస్తుంది, అక్కడ కూడా ఇలాగే హారం తారుమారు చేసుకుని పొరబడేవాళ్లు ఎందరో. అప్పుడు ఈ 585 గుర్తు తెచ్చుకో.

ఇంకో అపోహ ఉంది. వరుసగా అయిదుసార్లు బొరుసు పడితే ఇక బొమ్మ "పడాలి" అనుకుంటాం. నాణేనికి జ్ఞాపకం ఉండదు. మరి పోను పోను సగానికి ఎలా చేరుతుంది? రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిచ్ అనే గణితవేత్త కూర్చుని 10,000 సార్లు నాణెం ఎగరేయించి రాసుకున్నాడు. మొదటి 100లో బొమ్మలు 44. 10,000 పూర్తయ్యేసరికి 5,067. సగానికీ దానికీ తేడా చూడు: మొదట 6, చివరికి 67. తేడా పెరిగింది! అయినా శాతం 44 నుంచి 50.67కి వచ్చింది. ముందు పడ్డ లోటును తర్వాతి నాణేలు పూడ్చవు తల్లీ, హారం అంత పెద్దదై దాన్ని మింగేస్తుంది. యాకోబ్ బెర్నూలీ నిరూపించిన పెద్ద సంఖ్యల సూత్రం, ఆయన పోయాక 1713లో అచ్చయింది, చెప్పేది నిష్పత్తి గురించే.

సగటు, మధ్యగతం, బాహుళకం నీకు స్కూల్లోనే వచ్చు, వాటి మీద సమయం పెట్టను. ఒక్క విలువ అడ్డంగా పెద్దదైతే సగటు దానివైపు ఒరిగిపోతుంది, మధ్యగతం కదలదు, అంత గుర్తుంచుకో చాలు.

క్రమ విచలనం, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, మాత్రం ఒక్కసారైనా కాలిక్యులేటర్ లేకుండా చెయ్యి. 4, 6, 7, 8, 10 తీసుకో. సగటు 7. తేడాలు మైనస్ 3, మైనస్ 1, 0, 1, 3. కూడితే సున్నా, ఎప్పుడు కూడినా సున్నాయే, అందుకే వర్గాలు చేస్తాం: 9, 1, 0, 1, 9, మొత్తం 20. 5తో భాగిస్తే విస్తృతి 4, వర్గమూలం 2. ఇప్పుడు 1, 3, 7, 11, 13 చెయ్యి. సగటు మళ్లీ 7, కానీ క్రమ విచలనం సుమారు 4.56 వస్తుంది. సగటు ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి.

"కొన్నిచోట్ల 5తో, కొన్నిచోట్ల 4తో ఎందుకు భాగిస్తారు?" అని అడిగావు. చూశావా, మళ్లీ హారమే! ఆ అయిదు సంఖ్యలే నీ మొత్తం జనాభా అయితే 5. పెద్ద జనాభాలోంచి తీసిన శాంపుల్ అయితే, నిజమైన సగటు మనకు తెలియదు, శాంపుల్ సగటునే దాని బదులు వాడుతున్నాం. ఆ సగటు ఈ అయిదింటికి మధ్యలోనే కూర్చుంటుంది కనుక, తేడాలు ఉండాల్సినదానికంటే కాస్త చిన్నవిగా వస్తాయి. పైగా కూడితే సున్నా రావాలి కాబట్టి నాలుగు తేడాలు తెలిస్తే అయిదోది చెప్పేయొచ్చు, స్వేచ్ఛగా ఉన్నవి నాలుగే. అందుకే 4తో భాగిస్తాం, 20 బై 4, విస్తృతి 5.

ఇక శాంపుల్ సంగతి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది, దాదాపు 24 లక్షల జవాబులు వచ్చాయి. లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ బ్రహ్మాండమైన ఆధిక్యంతో గెలిచాడు. పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి, అదీ ఆర్థిక మాంద్యం రోజుల్లో. పైగా కార్డు తిరిగి పంపే ఓపిక ఉన్నవాళ్లవే జవాబులు. శాంపుల్ ఎంత పెద్దదని అడిగే ముందు, ఎవరిలోంచి తీశారని అడుగు.

ఈ ఆదివారం చెయ్యాల్సిన పని ఒకటి చెబుతాను. ముందు ఒక కాగితం మీద, నాణెం ఎగరేయకుండా, 100 ఫలితాలు ఊహించి రాయి. తర్వాత ఇంకో కాగితం మీద నిజంగా 100 సార్లు ఎగరేసి రాయి. ఊహించిన దాంట్లో ఒకే వైపు నాలుగు మించి వరుసగా రాయడానికి నీ చెయ్యి వెనకాడుతుంది. నిజమైన దాంట్లో అయిదో ఆరో వరుసగా ఒకే వైపు పడటం దాదాపు ఖాయం. ఏది ఏదో రాయకుండా రెండు కాగితాలూ ఫోటో తీసి పంపు, ఏది నిజమైనదో నేను చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ