ఆఖరి ఏడాది కర్ణాటక సంగీతం గాత్రం పరీక్షకు ముందు

చి. కోడలికి, అత్తయ్య దీవెనలు.

పరీక్షకింకా ఆరు వారాలుంది, కొత్త కీర్తన ఇంకొకటి నేర్చుకోనా అని అడిగావు. వద్దు. సిలబస్‌లో ఉన్నవాటి పేర్లన్నీ చీటీల మీద రాసి డబ్బాలో వెయ్యి. రోజుకి మూడు తీసి, పుస్తకం చూడకుండా పాడు. నీకు బాగా వచ్చింది నువ్వెలాగూ పాడుకుంటావు. ఎగ్జామినర్ వేలు పెట్టేది మాత్రం జాబితాలో ఎక్కడైనా పడొచ్చు.

ముందు శ్రుతి తేల్చుకో. మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) వినపడాలి, తార పంచమం (పై స్థాయి ‘ప’) అరుపు కాకూడదు. ఈ రెండూ కుదిరినదే నీ శ్రుతి. ఇంట్లో నెమ్మదిగా కూనిరాగం తీసేటప్పుడు అయిదు కట్టె శ్రుతి బాగానే ఉందనిపిస్తుంది, అరగంట పాడాక చరణంలో తార గాంధారం దగ్గర గొంతు జీరపోతుంది. నాలుగున్నరకి దిగితే తప్పేం లేదు. శ్రుతి ఎంత హెచ్చన్నదానికి మార్కులుండవు, కలిసిందా లేదా అన్నదే చూస్తారు.

వర్ణం దగ్గర ఎక్కువమంది తడబడేది కాలప్రమాణంలో, అంటే నడక వేగంలో. కంగారులో మొదటి కాలం పరుగున ఎత్తుకుంటారు, తీరా రెండో కాలం (రెట్టింపు వేగం) ముక్తాయి స్వరానికి, అంటే అనుపల్లవి తర్వాతి స్వరాలకి, వచ్చేసరికి స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకని నోరు విప్పే ముందు, చరణ స్వరాల్లో నీకు అన్నిటికంటే కష్టమైన వరసని రెండో కాలంలో మనసులోనే ఒకసారి అనుకో. అది నలగకుండా వచ్చిన నడకలో తాళం మొదలుపెట్టు. మొదటి కాలం మరీ నిదానంగా ఉన్నట్టు తోస్తుంది, తోయనీ. భైరవి అట తాళ వర్ణమైతే ఖండజాతి అట తాళం, అయిదేసి లెక్కల లఘువులు రెండు, రెండేసి లెక్కల ద్రుతాలు రెండు: 5+5+2+2, మొత్తం 14 అక్షరాలు. రెండో లఘువులో చిటికెన వేలితో మొదలైన లెక్క మధ్యలో ఒక వేలు ఎగిరిపోతుంటుంది. అద్దం ముందు కూర్చుని చెయ్యి చూసుకుంటూ పాడు.

అనాగతంలో, అంటే తాళం దెబ్బ పడ్డాక కాస్త ఆగి, ఎత్తుకునే కీర్తనలకి ఒక ఆవర్తం (తాళం ఒక పూర్తి చుట్టు) ఊరికే తాళం వేసి, తర్వాత ఎత్తుకో. లేకపోతే దెబ్బతోపాటే నోరు తెరుచుకుని పల్లవి సమానికి, అంటే మొదటి దెబ్బకే, వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి కల్పన స్వరం (అప్పటికప్పుడు అల్లుకునే స్వరాలు) ఎంత బాగా వేసినా ఎత్తుగడకి అతకదు. స్వరం కూడా పొడుగ్గా వద్దు. ఒక ఆవర్తంవి నాలుగు, రెండు ఆవర్తాలవి రెండు చాలు, తప్పకుండా వచ్చి పడాలి.

రాగ లక్షణం అడిగితే మేళం (రాగం పుట్టిన మాతృరాగం), మూర్ఛన (ఆరోహణ, అవరోహణ) చెప్పి ఆగిపోకు. ఆరభికీ దేవగాంధారికీ మూర్ఛన ఒకటే, మధ్యమావతికీ శ్రీరాగానికీ ఆరోహణ ఒకటే. తేడా సంచారంలో, అంటే స్వరాలు నడిచే తీరులో, ఉంది కాబట్టి పాడి చూపించు. శ్రీలో ‘రిగరిస’ ఒక్కటి పలికితే చాలు, ఎదుటివాళ్ల ముఖం మారుతుంది. భైరవి 20వ మేళ జన్యం, శుద్ధ ధైవతానికి తోడు చతుశ్రుతి ధైవతం అన్యస్వరంగా (మేళంలో లేని స్వరంగా) వస్తుంది. కాంభోజి 28, అందులో కాకలి నిషాదం ‘సనిపదస’లో. మేళం సంఖ్య మరిచిపోతే, పేరులోని మొదటి రెండు అక్షరాల్ని అంకెలుగా మార్చే కటపయాది ఉందిగా: ధీరశంకరాభరణంలో ‘ధీ’ 9, ‘ర’ 2, తిరగేస్తే 29.

రాత పరీక్షలో ఆదితాళ వర్ణం స్వరపరచమంటే లఘువుకి 16 స్వరాలు, ఒక్కో ద్రుతానికి 8, మొత్తం 32 రావాలి. కామా అంటే ఒక స్వరమంత నిడివి, సెమికోలన్ రెండు. ఒక్క కామా జారితే కింది వరసలన్నీ జరిగిపోతాయి. ప్రతి ఆవర్తం చివర జంట గీత గీసి, లెక్క సరిపోతేనే కిందికి దిగు.

ముందురోజు సాయంత్రం సాధన ఆపెయ్. పొద్దున ఇరవై నిమిషాలు మంద్రస్థాయిలో ఆకారం (‘ఆ’ అంటూ పాడటం) చాలు. టిఫిను రెండు గంటల ముందే తినెయ్యి. పూరీ, వడ వద్దు, పుల్లతేన్పులు గొంతుకడ్డం పడతాయి. గోరువెచ్చని నీళ్ల సీసా వెంట ఉంచుకో. శ్రుతికి ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, అనుపల్లవి మధ్యలో మీ నాన్న ఫోన్ చేస్తాడు.