పులస పంపిన చేత్తోనే తప్పుడు నివేదిక రాశాను

మీ కార్యాలయానికి కొత్తగా వచ్చిన అధికారిని తోటివారంతా పొగడ్తలతో ముంచెత్తుతున్నారనీ, తలవంచుకుని పని చేసుకునే మీ పేరు మాత్రం పదోన్నతుల జాబితాలో వెనక్కి పోతోందనీ రాశారు. ఆ విద్య మీరూ నేర్చుకోవాలా అని అడిగారు. నేను నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను. అందుకే వద్దంటున్నాను.

కోనసీమలో మురుగు కాలువలు చూసే ఒక కార్యాలయంలో నేను గుమాస్తాగా చేరాను. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మా పొలాలకు గోదావరి నీరు రావడం సులువైంది. వచ్చిన నీరు బయటికి పోవడమే కష్టం. తీరం దగ్గర నేల సముద్రానికి ఎంతో ఎత్తున ఉండదు. పోటు వేళ మురుగు దిగదు, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తే అసలు కదలదు. దానికి తోడు నీటి మీద దట్టంగా అల్లుకునే గుర్రపుడెక్క. కాలువ ఎక్కడ ఎంత పూడిందో పైవాళ్లకు సరిగ్గా తెలియకపోతే నాలుగు రోజుల వానకే చేలు చెరువులవుతాయి. ఆ సంగతి పైకి చేరవేసే కాగితాలు నా బల్ల మీదుగానే వెళ్లేవి.

1996 నవంబరు తుపాను తర్వాతి ఏళ్లలో మాకొక అధికారి వచ్చారు. చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడు. అయితే కాదన్న మాట వింటే ఆయన ముఖం మాడిపోయేది. వారం తిరక్కుండానే అందరం అది పసిగట్టాం. ఆయన ఏమన్నా తానా అంటే తందానా అనడం మొదలైంది. ఆత్రేయపురం పూతరేకులు ఒకరు, తాపేశ్వరం కాజాలు ఒకరు తెచ్చి ఇచ్చేవారు. గోదావరికి ఎర్రనీరు రాగానే నేను పులస చేప కొన్నాను. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మీరూ వినే ఉంటారు. నేను తినలేదు. పులస పులుసు మర్నాటికి గాని రుచి పట్టదని ముందురోజే మా ఆవిడ చేత వండించి, గిన్నెతో సహా ఆయన ఇంటికి పంపాను. ఆ నెల పాలవాడికి డబ్బు ఇవ్వలేకపోయాం.

ఆ ఏడాది ఒక కాలువలో పూడిక తీత జరిగింది. అధికారి తనిఖీకి వస్తే కారు ఆగే చోటు వంతెన ఒక్కటే. గుత్తేదారు వంతెనకు అటూ ఇటూ మాత్రం అద్దంలా తీయించాడు. ఆయన చూసి సంతోషించారు, మేమంతా ఆయన పర్యవేక్షణను మెచ్చుకున్నాం. అప్పుడు వెనక నుంచి, కాలువ గట్టు కాపలా చూసే లస్కరు ముందుకు వచ్చి, "అయ్యా, దిగువన మూడు మైళ్లు డెక్క అలాగే ఉందండి, ఒక్కసారి గట్టు మీద నడిచి చూడండి" అన్నాడు. అధికారి మాట్లాడలేదు. ఆయన మౌనాన్ని నేను ఆజ్ఞగా తీసుకుని, "నీకెందుకు, ఊరుకో" అని లస్కరును కసిరాను. వయసులో మా నాన్నంతవాడు. మర్నాడు "పని సంతృప్తికరం" అని నివేదిక రాసి సంతకానికి పెట్టాను. నెలలోపే ఆ లస్కరును వేరే సెక్షనుకు మార్చారు.

అక్టోబరులో వానలు పట్టాయి. వరి ఈనే సమయం. ఆ కాలువ కింది చేలల్లో నీరు తొమ్మిది రోజులు కదల్లేదు. గట్టు మీద నిలబడి ఒక కౌలు రైతు కుళ్లిన దుబ్బు పీకి నా చేతిలో పెట్టాడు. తిట్టలేదు, అండీ అనే మాట్లాడాడు. దాని వాసన నాకు ఇంకా గుర్తుంది.

అధికారికి పైనుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆ సాయంత్రం నన్ను గదిలోకి పిలిచి, "ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా నాకు చెప్పలేదేమండీ?" అన్నారు. ఒకరు చెప్పారు సార్ అనడానికి నాకు నోరు రాలేదు. ముఖస్తుతి చేసేవాడు అధికారికి మేలు చేస్తున్నాడని అంతవరకు నేను నమ్మాను. ఆయన కళ్లకు గంతలు కట్టింది మేమే. కట్టించుకున్నది ఆయనే, అదీ నిజమే. నష్టం మాత్రం మా ఇద్దరి కంటే ఎక్కువగా గట్టు కింద ఉన్నవాళ్లకు జరిగింది.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి నాట్లు వేయడం మానేశారు. గిట్టని ధర, కూలీల ఖర్చుతో పాటు మురుగు దిగకపోవడం కూడా వాళ్లు చెప్పిన బాధల్లో ఒకటి. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. ఆ బీడు చేలను చూసినప్పుడల్లా నేను రాసిన "సంతృప్తికరం" అన్న మాటే గుర్తొచ్చేది.

మర్యాదను మాత్రం మానకండి. మా వైపు పదేళ్ల పిల్లాడిని కూడా అండీ అంటాం, అది ముఖస్తుతి కాదు. అధికారి మంచి పని చేస్తే మంచిదని చెప్పండి. తప్పు కనిపిస్తే నలుగురిలో కాకుండా, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, నిర్ణయం జరగకముందే చెప్పండి. అభిప్రాయంగా కాకుండా కొలతగా చెప్పండి. ఆ తర్వాత వచ్చిన అధికారికి నేను అలాగే చేశాను. కాలువ పటం మీద పూడిన చోట్లన్నీ ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టి బల్ల మీద ఉంచాను. నెల రోజులు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒక ఉదయం, "ఆ పటం తీసుకుని రండి, గట్టు మీద నడుద్దాం" అన్నారు.

నష్టం ఉండదని నేను చెప్పను. నా తర్వాత చేరినవాళ్లు నాకంటే ముందు సూపరింటెండెంట్లయ్యారు, నాకు నాలుగేళ్లు ఆలస్యమైంది. ఇంట్లో చాలా రోజులు మాటలు పడ్డాను. ఆ లస్కరు ఊరు వెతుక్కుంటూ వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చుని, "ఈ ఏడు డెక్క తీశారా అండి?" అన్నాడు. తీశామని చెప్పగలిగాను.