మిరపలో కింది ముడతకు ఘాటైన మందు కాదు, సరైన మందు కావాలి

రైతు సందేహం: మిరప నాటి 50 రోజులైంది. ఆకులు ముడుచుకుపోతున్నాయి. తామర పురుగు అనుకొని మూడు వారాల్లో నాలుగుసార్లు మందు కొట్టాను. డీలరు చెప్పినట్లు ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్, లామ్డా సైహలోత్రిన్ మూడూ కలిపాను. చివరి రెండుసార్లు మోతాదు రెట్టింపు చేశాను. అయినా ఆకులు తిరగేసిన పడవలా కిందికి వంగి, కాడలు సాగి, ముదురు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. ఇంకా ఘాటైన మందు ఏదైనా చెప్పగలరు. మొన్న మధ్యాహ్నం మందు కొట్టిన కూలీకి ఎండదెబ్బ తగిలి వాంతులయ్యాయి.

నిపుణుల సలహా: మీరు చివర ఒక్క వాక్యంతో తేల్చేసిన విషయంతోనే నేను మొదలుపెట్టవలసి వస్తోంది. మధ్యాహ్నపు ఎండలో రెట్టింపు మోతాదు ఎసిఫేట్ కొట్టిన మనిషికి వాంతులయితే దానిని ఎండదెబ్బ అని మీకు మీరే నిర్ణయించుకోకూడదు. ఎసిఫేట్ ఆర్గానోఫాస్ఫేట్ జాతికి చెందిన మందు, నరాల మీద పనిచేస్తుంది. దాని విష ప్రభావం మొదలైతే తలనొప్పి, తల తిరగడం, వాంతులు, విపరీతమైన చెమట, నోట్లో లాలాజలం ఊరడం, చూపు మసకబారడం, కంటిపాప సూదిమొనంత చిన్నదై పోవడం, కండరాలు అదరడం కనిపిస్తాయి. ఆ మనిషిని వెంటనే వైద్యునికి చూపించండి. వెళ్లేటప్పుడు మూడు మందుల డబ్బాలను, లేదా వాటి లేబుళ్లను తప్పక తీసుకువెళ్లండి, ఎందుకంటే ఏ మందో తెలియకుండా సరైన విరుగుడు ఇవ్వడం వైద్యునికి కష్టం. ఆర్గానోఫాస్ఫేట్ విషం ఒంట్లో ఎంత పనిచేసిందో తెలిపే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించి, వైద్యుడు సరేనన్న తరువాతనే అతనిని మళ్లీ పిచికారీ పనిలోకి పిలవండి.

ఇక ముందెప్పుడైనా ఇలాంటిది జరిగితే మనిషిని పొలంలోంచి గాలి ఆడే చోటికి తెచ్చి, తడిసిన బట్టలు విప్పించి, ఒంటిని సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి. కంట్లో మందు పడితే 15 నిమిషాల పాటు శుభ్రమైన నీటిధారతో కడగాలి. పాలు, నూనె, ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టి కక్కించడం ఏమాత్రం చేయరాదు.

ఇప్పుడు పంట సంగతి. మీ పంటకు వచ్చింది తామర పురుగు కాదు. తామర పురుగు ఆశిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెలా అవుతాయి. మీరు రాసినట్లు ఆకు కిందికి ముడిచి, కాడ సాగితే అది తెల్లనల్లి, అంటే కింది ముడత. ఒక లేత ఆకును కోసి, అడుగు భాగాన్ని 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరిశీలిస్తే కదిలే తెల్లని చుక్కల్లాంటి నల్లులు మీకే కనిపిస్తాయి. ఆ అద్దం మీరు వాడిన ఏ మందుకన్నా ఎక్కువ ఉపయోగపడేది.

నల్లి కీటకం కాదు, సాలీడు జాతికి దగ్గరిది. ఇమిడాక్లోప్రిడ్ దాని మీద పనిచేయదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, లామ్డా సైహలోత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు నల్లిని తినే మిత్రనల్లులను, మిత్రపురుగులను చంపివేస్తాయి కనుక, నల్లి ఉన్న పొలంలో వాటిని కొడితే ఉధృతి తగ్గడానికి బదులు పెరుగుతుంది. అంటే మీ నాలుగు పిచికారీలు ఈ సమస్యను పెంచి పోషించాయనే నా అనుమానం. ముడుచుకున్న పాత ఆకు ఎంత మంచి మందు కొట్టినా తిరిగి విచ్చుకోదు. దానిని చూసి మందు పనిచేయలేదనుకొని మళ్లీ మళ్లీ కొట్టడమే చాలామంది చేసే పొరపాటు. మందు కొట్టిన 5 నుంచి 7 రోజుల తరువాత కొత్తగా వచ్చిన చిగురును మాత్రమే చూసి తీర్పు చెప్పాలి.

ఆ మూడు మందులను వెంటనే ఆపివేయండి. నల్లిని చంపే స్పైరోమెసిఫెన్ 22.9 శాతం ద్రవాన్ని ఎకరానికి 160 మి.లీ. చొప్పున 200 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయండి. 16 లీటర్ల ట్యాంకుకు ఇది సుమారు 13 మి.లీ. మాత్రమే, మూతతో అంచనాగా పోయకుండా కొలపాత్రతో కొలవండి. పదిరోజుల తరువాత కూడా కొత్త చిగుర్లలో నల్లి కనిపిస్తే అదే మందును తిరిగి వాడకుండా, వేరే విధంగా పనిచేసే డయాఫెన్థియురాన్ 50 శాతం పొడిమందును ఎకరానికి 240 గ్రాముల చొప్పున వాడండి. స్పైరోమెసిఫెన్ తరువాత కనీసం 7 రోజులు కాయ కోయకండి, లేబుల్ ఎక్కువ రోజులు చెబితే దానినే పాటించండి. ఉధృతి స్వల్పంగా ఉన్న మళ్లలో నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు, కాని ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంధకం ఆకును మాడ్చివేస్తుంది. ఇవన్నీ విడివిడిగానే కొట్టాలి. ఏ ఒక్కదానితోనూ మరో పురుగుమందును గాని, టానిక్కును గాని కలపవద్దు.

నల్లి ఆకు అడుగున ఉంటుంది కనుక పైపైన తడిపితే ఫలితం శూన్యం. బోలు శంకువు ఆకారంలో చల్లే నాజిల్ బిగించి, దానిని కింది నుంచి పైకి తిప్పి, చిగుర్ల అడుగు భాగం తడిసేలా కొట్టాలి. కలుపుమందు కొట్టే పంపును పురుగుమందుకు వాడితే ఇప్పుడే ఆపండి. 2,4-డి వంటి కలుపుమందు అవశేషం కొద్దిగా మిగిలినా మిరప ఆకులు వంకర తిరుగుతాయి, అది మరో రోగంలా కనిపించి మళ్లీ ఇంకో మందుకు దారితీస్తుంది.

ఎకరానికి ఎంత నీరు పోతోందో మీకు తెలియదని నాకు గట్టి నమ్మకం, ఎందుకంటే మోతాదు రెట్టింపు చేశానన్నారే గాని ఎన్ని ట్యాంకులు కొట్టారో రాయలేదు. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల చోట మామూలు వేగంతో నడుస్తూ ఉత్త నీటిని కొట్టి, ఖర్చయిన లీటర్లను 40తో గుణించండి. అక్కడ 5 లీటర్లు పడితే ఎకరానికి 200 లీటర్లు సరిపోతుంది. అంతకన్నా తక్కువ పడితే నడక నెమ్మదించండి.

పిచికారీ ఉదయం చల్లగా ఉన్నప్పుడు లేదా సాయంత్రం చేయాలి. పూత ఉంటే తేనెటీగలు ఇంటికి చేరిన సాయంత్రమే మేలు. గాలికి ఎదురుగా కాకుండా అడ్డంగా నడవాలి, గాలి వెళ్లే దిక్కున ఉన్న చివర నుంచి మొదలుపెడితే కొట్టిన భాగం వదిలి శుభ్రమైన భాగంలోకి వస్తారు. నిండు చేతుల చొక్కా, నైట్రైల్ రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, పురుగుమందుకు తగిన మాస్కు, బూట్లు తప్పనిసరి. ముక్కుకు కట్టిన తడి గుడ్డ రక్షణ కాదు, అది మందును పట్టుకొని ముఖానికే అంటిస్తుంది. పురుగుమందు ఎక్కువగా చర్మం గుండానే ఒంటిలోకి పోతుంది, కనుక మూత కారే పంపు వీపు మీద మోస్తే ప్రతి ట్యాంకూ ఒక ప్రమాదమే. మూసుకున్న నాజిల్‌ను నోటితో ఊదవద్దు, మెత్తని బ్రష్షుతో తీయండి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పెట్టాలి. దానిలో మంచినీళ్లు గాని, నూనె గాని పోసి వాడుకునే అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. మందు కొట్టిన మడిలోకి 24 గంటల లోపు ఎవరినీ పంపకండి.

డీలరు గురించి ఒక మాట చెప్పక తప్పదు. అతని దుకాణంలో ఉన్న సరుకును బట్టి సలహా వస్తుంది గాని, మీ ఆకు అడుగున ఉన్న పురుగును బట్టి రాదు. ఆకును తెచ్చి చూపించినా తిప్పి చూడకుండా మూడు డబ్బాలు చేతిలో పెట్టేవారిని ప్రశ్నించడం మానుకోకండి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తుల్లో ఏది ఉందో చూడండి, ఎరుపు అత్యంత విషపూరితం. లేబుల్ మీద మిరప పేరు, నల్లి పేరు లేని మందును ఎవరు చెప్పినా కొనవద్దు.

యూరియాను అదనంగా వేస్తుంటే తగ్గించండి, లేత చిగురు ఎక్కువయ్యే కొద్దీ నల్లికి అనుకూలం. ఈనెలు పసుపుబారి మొక్క గిడసబారితే అది వైరస్ తెగులు, దానికి మందు లేదు, పీకి పారేయాలి. 10 రోజుల తరువాత కూడా కొత్త చిగురు కిందికి ముడుచుకుంటుంటే మళ్లీ రాయండి. అప్పుడు ఏ మందు, ఎంత మోతాదు, ఎకరానికి ఎన్ని ట్యాంకులు, ఏ పూట కొట్టారో కూడా రాసి, ఆకు రెండువైపుల ఫొటోలూ పంపండి.