టెక్ సందేహాలు: ఆల్ప్స్ నుంచి వెనిస్ దాకా, ఫోన్‌లో ఏం సిద్ధం చేసుకోవాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే దారిలో ఉన్నాయి. స్విట్జర్లాండ్ వెళ్లి, అక్కడి నుంచి మిలాన్, వెనిస్ చూసి వస్తాం, పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్నారు, ఏ యాప్ పెట్టుకోవాలి, ఏ సిమ్ కొనాలి అని. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే వారానికి ఉంచి ఈ వారం మొత్తం ఈ ప్రయాణానికే ఇస్తున్నాను.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు: అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ల బాబు, పదమూడేళ్ల పాపతో వెళ్తున్నాం. ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే జ్యూరిక్, ఇంటర్లాకెన్, యుంగ్‌ఫ్రావ్, బెర్నీనా రైలు, మిలాన్, వెనిస్ అంటూ పది రోజుల ప్లాన్ ఇచ్చింది. దాన్ని నమ్మి బుక్ చేసెయ్యొచ్చా?

ఇప్పుడే చెయ్యకండి. మీరు పంపిన ప్లాన్ మొత్తం చదివాను. ఊర్ల ఎంపిక బాగుంది, వరుస కూడా సరిగ్గానే ఉంది, తేడా వచ్చింది గంటల దగ్గర. అయిదో రోజు పొద్దున ఇంటర్లాకెన్‌లో బయల్దేరి బెర్నీనా రైల్లో మధ్యాహ్నానికి ఇటలీ సరిహద్దు ఊరు తిరానో చేరి, సాయంత్రం మిలాన్‌లో షాపింగ్ అని రాసింది. ఇంటర్లాకెన్ నుంచి బెర్నీనా రైలు ఎక్కే కూర్ అనే ఊరు చేరడానికే మూడు గంటలకు పైగా పడుతుంది, కూర్ నుంచి తిరానో నాలుగు గంటల పైమాట, అక్కడి నుంచి మిలాన్ ఇంకో రెండున్నర గంటలు. మధ్యలో రైళ్లు మారే సమయం కూడా కలిపితే రోజంతా రైల్లోనే గడుస్తుంది. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పి అని రాశారు, అలాంటప్పుడు ఇది అస్సలు వద్దు.

చాట్‌బాట్ ఇచ్చే ప్లాన్‌ను మొదటి చిత్తుప్రతిగా మాత్రమే చూడండి. యూరప్‌లో రైళ్ల టైమ్‌టేబుల్ ఏటా డిసెంబర్ మధ్యలో మారుతుంది, వేసవిలో ట్రాక్ పనుల వల్ల కొన్ని మార్గాలు వారాల తరబడి ఆగిపోతాయి, ఇవేవీ దానికి తెలియకుండానే సమయాలు రాసేస్తుంది. అందుకే ఒక పని చెయ్యండి. స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ మొబైల్ యాప్ తెరిచి, మీరు వెళ్లే అసలు తేదీ పెట్టి, ప్లాన్‌లో ఉన్న ప్రతి ప్రయాణాన్నీ ఒక్కొక్కటిగా వెతకండి. ఎక్కడ మారాలి, మారడానికి ఎన్ని నిమిషాలుంది, ఏ ప్లాట్‌ఫాం అన్నది అందులో కనిపిస్తుంది. పెద్దవాళ్లు, సూట్‌కేసులు ఉన్నప్పుడు అయిదు నిమిషాల కనెక్షన్ వద్దు, దాని తర్వాతి రైలు ఎంచుకోండి.

బెర్నీనా వదులుకోవద్దు మాత్రం. కూర్ నుంచి తిరానో దాకా 55 సొరంగాలు, 196 వంతెనలు దాటుతూ, పళ్ల చక్రాల సాయం లేకుండా 2,253 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగే రైలు అది, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన దారి. కూర్‌లోనో తిరానోలోనో ఒక రాత్రి ఆగేలా ప్లాన్ మార్చుకోండి. బెర్నీనా ఎక్స్‌ప్రెస్ పెద్ద అద్దాల బోగీలకు సీటు రిజర్వేషన్ తప్పనిసరి, అది దొరకలేదని బాధపడకండి, అదే పట్టాల మీద మామూలు ఎర్ర రైళ్లు తిరుగుతాయి, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు. కొన్ని బోగీల్లో కిటికీ కూడా తెరుచుకుంటుంది కాబట్టి అక్కడ ఫోన్‌లో ఫోటోలు అద్దం మెరుపు లేకుండా వస్తాయి. నాకైతే ఈ రైళ్లే ఇష్టం. అంత సమయం లేదనుకుంటే ఇంటర్లాకెన్ నుంచి స్పీట్స్‌లో మారి, బ్రిగ్, దోమోదోస్సోలా మీదుగా మూడు, మూడున్నర గంటల్లో మిలాన్ చేరొచ్చు.

టికెట్ల సంగతి. స్విస్ రైళ్లలో తిరగడానికి ఒకే టికెట్‌లా పనికొచ్చే స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే పదహారేళ్లలోపు మీ పిల్లలిద్దరికీ ఫ్యామిలీ కార్డు ఉచితం, కానీ పాస్ కొనేటప్పుడే దాన్ని కూడా అడగాలి, చాలామంది ఇది మర్చిపోయి పిల్లలకు వేరే టికెట్లు కొంటున్నారు. పాస్ దోమోదోస్సోలా వరకో తిరానో వరకో చెల్లుతుంది, ఆపై ఇటలీ టికెట్ వేరు. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచుకొండల మీది రైల్వే స్టేషన్‌కు టికెట్ ఖరీదైనది, పైకి వెళ్లాక మబ్బు పట్టి ఉంటే ఏమీ కనిపించదు. ఆ శిఖరాల దగ్గర లైవ్ వెబ్‌క్యామ్‌లు ఉన్నాయి, పొద్దున లేవగానే అవి చూసి, మెటియో స్విస్ యాప్‌లో ఆ రోజు వాతావరణం చూసి అప్పుడు నిర్ణయించుకోండి. అందుకోసం ప్లాన్‌లో ఆ రోజును అటూ ఇటూ జరిపే వీలు ఉంచుకోండి. ఆ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది, మీ అమ్మానాన్నలకు గుండె, ఊపిరి సమస్యలేమైనా ఉంటే ముందు డాక్టరును అడగాలి, ఈ విషయంలో ఏ యాప్ మాటా వినొద్దు.

మిలాన్‌లో లియొనార్డో 'చివరి విందు' చిత్రం చూడటానికి మీ ప్లాన్‌లో సగం పూట కేటాయించారు. లోపల ఉండనిచ్చేది పదిహేను నిమిషాలే, ముందే బుక్ చేసుకోకపోతే అదీ దొరకదు, తేదీలు ఖాయం కాగానే మొదట కొనాల్సిన టికెట్ ఇదే. వెనిస్‌కు రైలు టికెట్ తీసేటప్పుడు వెనేజియా మెస్త్రే, వెనేజియా శాంతా లూచియా అని రెండు స్టేషన్లు కనిపిస్తాయి. మెస్త్రే నీళ్లకు ఇవతల, నేల మీద ఉంది, మీరనుకునే కాలువల వెనిస్‌కు శాంతా లూచియాలో దిగాలి. హోటల్ మెస్త్రేలో ఉండి ఆ సంగతి అక్కడికి వెళ్లాకే తెలిసినవాళ్లు నాకు చాలాసార్లు రాశారు. ఇంకొకటి, రాత్రి బస చెయ్యకుండా ఒక్క పూటకు వెనిస్ వెళ్లేవాళ్లకు వసంతంలో, వేసవిలో కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో ప్రవేశ రుసుము ఉంది. 2025లో ముందుగా కడితే 5 యూరోలు, చివరి రోజుల్లో అయితే 10. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు లేదు. నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో కట్టి క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలి. వెనిస్‌లోనే హోటల్ ఉన్నవాళ్లు కట్టక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: మన సిమ్ మీద రోమింగ్ ప్యాకా, ఇ-సిమ్మా? బ్యాంకు ఓటీపీలు ఎలా?

నలుగురైదుగురు వెళ్తుంటే ఇ-సిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోకే ఇన్‌స్టాల్ చేసుకునే సిమ్, చవక. కొనే ముందు ఒకటే చూడండి, స్విట్జర్లాండ్ ఉందా లేదా. స్విట్జర్లాండ్ షెంజెన్‌లో ఉంది, ఒకే వీసా సరిపోతుంది, కానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. అందుకే ఇటలీలో కొన్న సిమ్, 'యూరప్' అని రాసిన కొన్ని ప్యాకులు స్విస్ సరిహద్దు దాటగానే ఆగిపోతాయి, లేదంటే విడిగా డబ్బు లాగుతాయి. లుగానో, కోమో, తిరానో లాంటి సరిహద్దు ఊళ్లలో ఫోన్ మీకు తెలియకుండానే పక్క దేశం టవర్ పట్టుకుంటుంది. కాబట్టి దేశాల జాబితాలో స్విట్జర్లాండ్, ఇటలీ, వెళ్తే ఆస్ట్రియా, ఈ పేర్లన్నీ కళ్లతో చూశాకే డబ్బు కట్టండి.

మీ ఫోన్ ఇ-సిమ్‌కు పనికొస్తుందా అన్నది *#06# కొడితే తెలుస్తుంది, ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే నంబర్ కనిపిస్తే పనికొస్తుంది. ఇంట్లో వైఫై మీద ఇన్‌స్టాల్ చేసుకుని వెళ్లండి, విమానాశ్రయంలో నెట్ లేకుండా నిలబడి చేసే పని కాదు అది. క్యూఆర్ కోడ్ అదే ఫోన్‌కు వస్తే దాన్ని అదే ఫోన్‌తో స్కాన్ చెయ్యడం కొన్ని ఫోన్లలో కుదరదు కనుక ఇంకో ఫోన్‌లోకి పంపించుకోండి. గడువు ఎప్పటి నుంచి లెక్కిస్తారో చదవండి, కొన్నింటికి ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే మొదలవుతుంది. పొరపాటున డిలీట్ చేస్తే చాలావాటిని మళ్లీ పెట్టడం కుదరదు.

ఓటీపీల కోసం మన సిమ్‌ను ఆపకండి. బయల్దేరే ముందే దాని మీద ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ చేయించి, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆఫ్ చెయ్యండి. ఇ-సిమ్‌ను డేటాకు ఎంచుకుని, ఒక సిమ్‌లో నెట్ లేకపోతే రెండోదానికి దానంతట అదే మారే ఆప్షన్ ఉంటే అదీ తీసెయ్యండి, అనుకోని బిల్లులు ఎక్కువగా దీని వల్లే వస్తాయి. ఇలా పెడితే మెసేజ్‌లు వస్తాయి, డేటా ఖర్చు ఉండదు. ఇండియా నుంచి వచ్చే కాల్ ఎత్తితే డబ్బు పడుతుంది, వాట్సాప్‌లో చెయ్యమనండి. నంబర్ మారుస్తారా అని వాట్సాప్ అడిగితే వద్దనే చెప్పండి.

రాజమహేంద్రవరం నుంచి ఒకరు: మా మావయ్యగారికి అరవై ఎనిమిదేళ్లు, స్మార్ట్‌ఫోన్‌లో వాట్సాప్ తప్ప ఏదీ తెలియదు. అక్కడ తప్పిపోతే ఎలా అని ఒకటే టెన్షన్.

మీ భయం నాకు బాగా తెలుసు. మా కుటుంబంతో వెళ్లినప్పుడు మాకే జరిగింది. ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో కొండ ఊళ్లకు వెళ్లే రైలు ఎక్కితే అది జ్వైలూచినెన్ అనే చిన్న స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది, ఒక సగం లౌటర్‌బ్రునెన్‌కు, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కు. కిటికీ పక్క సీటు దొరికిందని మా అత్తయ్య రెండు బోగీల అవతల కూర్చుంది. విడిపోయాక గానీ మాకు తెలియలేదు. ఆమె దగ్గర ఫోన్ ఉంది కానీ అందులో నెట్ లేదు, ఎందుకంటే ఇ-సిమ్ మా ఇద్దరికే కొన్నాం. ఆ నలభై నిమిషాలు ఎలా గడిచాయో చెప్పలేను. ఆ రోజు నుంచి నేను అందరికీ చెప్పే మాట ఒకటే, డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి, పెద్దవాళ్ల ఫోన్‌లో డేటా మాత్రం వేయించండి. ఆయన ఫోన్‌కు ఇ-సిమ్ పనికిరాకపోతే మన సిమ్ మీదే రోమింగ్ ప్యాక్ వేయండి.

వాట్సాప్ లైవ్ లొకేషన్ ఒకసారి ఆన్ చేస్తే ఎనిమిది గంటల వరకే ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ అయితే మీరు ఆపేవరకు నడుస్తుంది, ఇంటి దగ్గరే పెట్టేసి, ఒక రోజు మీ ఊళ్లోనే ఆయన్ను బజారుకు పంపి పనిచేస్తోందో లేదో చూడండి. లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ వివరాల్లో మీ నంబర్, ఆయన వేసుకునే మందుల పేర్లు రాయండి, ఫోన్ లాక్‌లో ఉన్నా ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఇవన్నీ ఉన్నా జేబులో ఒక కాగితం ఉండాల్సిందే, దాని మీద ఆ రోజు హోటల్ పేరు, చిరునామా, మీ నంబర్. 112 నంబర్ ఇటలీలోనూ స్విట్జర్లాండ్‌లోనూ పనిచేస్తుంది. ఇంకా, రైలు కదిలిపోయి ఎవరైనా ఎక్కలేకపోతే వాళ్లు అదే ప్లాట్‌ఫాం మీద కదలకుండా ఉండాలి, రైల్లో ఉన్నవాళ్లే వెనక్కి రావాలి అని బయల్దేరే ముందే ఇంట్లో అనుకోండి.

మ్యూనిక్‌లో ఉంటున్న ఒక తెలుగు ఉద్యోగి: ఊరి నుంచి అమ్మానాన్న, బావగారు వస్తున్నారు. కారులో ఆస్ట్రియా, ఇటలీ మధ్య ఉన్న బ్రెన్నర్ కనుమ మీదుగా డోలొమైట్స్ కొండలు, వెరోనా చూపించాలి. గూగుల్ మ్యాప్స్ ఒక్కటి చాలా?

దారికి చాలు, జరిమానాల నుంచి అది కాపాడదు. ఇటలీ పాత నగరాల నడిమధ్యలో జెడ్‌టీఎల్ అనే నిషేధిత ప్రాంతాలుంటాయి, అనుమతి లేని కారు లోపలికి వెళ్తే కెమెరా నంబర్ ప్లేట్ ఫోటో తీస్తుంది, నోటీసు నెలల తర్వాత ఇంటికి వస్తుంది. వెరోనాలో కూడా ఉంది. మ్యాప్ తిన్నగా లోపలికే తీసుకెళ్లొచ్చు, కాబట్టి గమ్యంగా హోటల్ పేరు కాకుండా ఊరి బయట పార్కింగ్ పేరు పెట్టండి. హోటల్ లోపలే ఉంటే మీ కారు నంబర్ ముందే నమోదు చెయ్యగలరా అని వాళ్లకు మెయిల్ పెట్టండి. ఆస్ట్రియా మోటార్‌వేలకు డిజిటల్ విన్యెట్, అంటే రోడ్డు వాడుకునే పాస్, కొనాలి, బ్రెన్నర్ మోటార్‌వేకు టోల్ వేరే. ఆ దారిలో లూగ్ వంతెన దగ్గర 2025 నుంచి చాలా రోజులు ఒక్కో వైపు ఒకే వరుసలో వాహనాలను పంపుతున్నారు, సెలవు రోజుల్లో గంటల కొద్దీ ఆగాల్సి రావచ్చు, శనివారం బయల్దేరకండి. ఇటలీ టోల్‌గేట్ల దగ్గర పసుపు రంగు వరుస పరికరం ఉన్నవాళ్లకే, అందులోకి వెళ్లొద్దు. బావగారు మన లైసెన్స్‌తో నడపాలంటే ఇండియాలోనే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రావాలి.

డోలొమైట్స్ వైపు ఊళ్లకు రెండేసి పేర్లుంటాయి. బొల్జానో అన్నా బోజెన్ అన్నా ఒకటే ఊరు, ఒకటి ఇటాలియన్, ఒకటి జర్మన్. బస్ యాప్‌లో ఒక పేరు, బోర్డు మీద ఇంకోటి చూసి కంగారు పడొద్దు. అక్కడ చాలా హోటళ్లు అతిథులకు సౌత్ టిరోల్ గెస్ట్ పాస్ ఇస్తాయి, దానితో బస్సులు, ప్రాంతీయ రైళ్లు ఉచితం. రెండు రోజులు కారు పక్కన పెట్టి బస్సెక్కండి, డ్రైవర్‌గా మీరు కూడా కొండలు చూడొచ్చు.

నెల్లూరు నుంచి ఒక పాఠకుడు: అక్కడ యూపీఐ పనిచేస్తుందా?

దాని మీద ఆధారపడి వెళ్లొద్దు. మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి పరిమితి పెట్టుకోండి, రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు ఇద్దరి దగ్గర విడివిడిగా ఉంచండి. మిషన్ 'రూపాయల్లో కడతారా' అని అడిగితే వద్దనండి, ఫ్రాంకులో యూరోలో ఎంచుకోండి, రూపాయలు నొక్కితే వాళ్ల మారకం రేటు వేస్తారు, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. మిలాన్ మెట్రోలో కార్డు గేటుకు ఆనించి వెళ్లొచ్చు, కానీ మనిషికో కార్డు కావాలి.

కరీంనగర్ నుంచి ఒక విద్యార్థిని: మన ఛార్జర్లు అక్కడి ప్లగ్గులో పడతాయా? పవర్ బ్యాంక్ తీసుకెళ్లనిస్తారా?

సన్నటి రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ రెండు దేశాల్లోనూ పడుతుంది, వోల్టేజీ మనలాగే 230. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్ పడదు. స్విస్ సాకెట్ గోడలోకి గుంటలా, ఆరు పలకల ఆకారంలో ఉంటుంది, లావుగా గుండ్రంగా ఉండే అడాప్టర్ అందులోకి దూరదు, స్విట్జర్లాండ్‌కు, ఇటలీకి పనికొచ్చేది అని రాసి ఉన్న సన్నటిదే కొనండి. ఒక అడాప్టర్, మన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి ఉంటే కుటుంబం మొత్తానికి సరిపోతుంది. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్ల వరకు మామూలుగా అనుమతిస్తారు, 20,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 74, ఇబ్బంది లేదు. కొండపైన చలికి ఫోన్ ఛార్జింగ్ గబగబా పడిపోతుంది, ఒక్కోసారి ముప్పై శాతం ఉండగానే ఆగిపోతుంది. ఫోటో తియ్యగానే కోటు లోపలి జేబులో పెట్టుకో, పైన మంచులో నిలబడి పవర్ బ్యాంక్ పెట్టకు, స్టేషన్ లోపల వెచ్చబడ్డాక ఛార్జ్ చెయ్యి. టికెట్ల స్క్రీన్‌షాట్లు మాత్రం మీ అమ్మ ఫోన్‌లో కూడా ఉంచు.