మొదటిసారి ఎప్పుడు అనిపించింది?

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లేబియాప్లాస్టీ గురించి, అంటే యోని లోపలి పెదవులను కోసి చిన్నవి చేసే సర్జరీ గురించి, రాయడానికి పూనుకున్నందుకు సంతోషం, చాలామంది ముట్టుకోని విషయం అది. కానీ మొదటి పేరాలోనే "సోషల్ మీడియా మోజులో పడి ఆడవాళ్లు ఒళ్లు కోయించుకుంటున్నారు" అని తీర్పు చెప్పేశావు. ఆ వాక్యం చదివాక, ఆ సర్జరీ చేయించుకున్న ఏ మనిషీ నీతో నోరు విప్పదు.

నువ్వు కలిసిన ఇద్దరూ "నాకోసమే చేయించుకున్నాను" అన్నారు. వెంటనే నువ్వు "అలా అనుకుంటున్నారు పాపం" అని చేర్చావు. ఆ 'పాపం' కొట్టేయి. వాళ్ల మాట నమ్ము, అయితే అక్కడే ఆగిపోకు. ఎందుకు చేయించుకున్నావని అడిగితే బోనులో నిలబెట్టినట్టు ఉంటుంది, అప్పటికప్పుడు ఒక కారణం అల్లి ఇచ్చేస్తారు. "మొదటిసారి ఎప్పుడు అనిపించింది?" అని అడుగు. అప్పుడు ఒక గది గుర్తొస్తుంది, ఒక గొంతు గుర్తొస్తుంది. భర్త నవ్వుతూ అన్న ముక్క. బట్టలు మార్చుకునే చోట స్నేహితురాలి చూపు. వాక్సింగ్ చేసే ఆవిడ "ఒకవైపు కాస్త పెద్దగా ఉందే" అనడం. అన్నవాళ్లు ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటారు, విన్నామె మాత్రం పదేళ్లు మోస్తుంది.

ఎవరూ ఏమీ అనకపోయినా అనిపించేవాళ్లున్నారు. పోర్న్‌లో ఒకే రకం చూసీ చూసీ అదే కొలత అనుకుంటారు. వెంట్రుకలు పూర్తిగా తీసేయడం మామూలయ్యాక, అంతకుముందు ఎవరికీ కనబడనిది కనబడటం మొదలైంది. నీ వ్యాసంలో ఇది లేదు, ఉండాలి.

అలాగని అంతా సమాజం మీదికి నెట్టకు. సైకిల్ తొక్కితే, బిగుతు బట్టలు వేసుకుంటే ఒరుసుకుపోయి మంట పుట్టేవాళ్లున్నారు. సిగ్గుగా ఉందంటే డాక్టర్ పట్టించుకోరేమోనని నొప్పి అని చెప్పుకునేవాళ్లూ ఉండొచ్చు. ఎవరిది నొప్పి, ఎవరిది సిగ్గు అని విడదీసే పని నీది కాదు.

ఇక అంకెలు. 2005లో అచ్చయిన ఒక లండన్ పరిశోధనలో డాక్టర్లు 50 మంది స్త్రీలను కొలిస్తే, లోపలి పెదవుల వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంది. ఏడు రెట్ల తేడా! నీ మూడు పేరాల ఆవేశం కంటే ఈ ఒక్క అంకె ఎక్కువ పని చేస్తుంది. చివర్లో అతికించకుండా, నీ వ్యాసంలో ఒకామె అద్దంలో చూసుకున్న చోటే పెట్టు.

అమ్మేవాళ్ల మాటలు కూడా వదలకు. 'వజైనల్ రెజువెనేషన్' అంటారు. యోనికి యవ్వనం తిరిగి తెస్తామనడంలోనే అది పోయిందనే మాట ఉంది. ఆ పేరుతో లేజర్ పరికరాలు వాడితే కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి రావచ్చని 2018లో అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మన మాటలూ తక్కువేం తినలేదులే. మనం 'మర్మాంగం' అని దాచేశాం. లాటిన్‌లో 'పుడెండం' అన్నారు, సిగ్గుపడాల్సినది అని.

మాటల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చాలా ఏళ్ల క్రితం ఈ సర్జరీని తప్పుపడుతూనే ఒక వ్యాసం రాశాను. అందులో "పెరిగిపోయిన లోపలి పెదవులను సరిచేసే సర్జరీ" అన్నాను. ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది: "ఇన్నాళ్లూ నాకే టెన్షనూ లేదండీ. మీది చదివాక అద్దం తీసుకుని చూసుకున్నాను. నాది పెరిగిపోయినట్టేనా?" వెంటనే జవాబు రాశాను. ఆమె దగ్గర్నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. 'సరిచేసే' అని ఎందుకు రాశానో ఇప్పటికీ నాకు తెలియదు, చేతికి అలా వచ్చేసింది. నీ వ్యాసంలో ఆ మాట నాలుగుచోట్ల ఉంది, పెన్సిల్‌తో గుర్తు పెట్టాను.

కుట్లు మానుతున్న రోజుల గురించి చెబుతూ రెండో ఆవిడ మధ్యలో ఆగిపోయిందన్నావు కదా. వీలైతే మళ్లీ వెళ్లి కలువు. రాసింది అచ్చుకిచ్చే ముందు ఆమెకు చదివి వినిపించు. ఏ వాక్యం వద్దంటే అది తీసేయి, ఎంత బాగా వచ్చినా సరే. తర్వాత నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి