బ్యాకప్ సర్వర్‌ను ఫ్యాక్టరీ స్థితికి తేవాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆడిటర్ ఆఫీసులో లైనక్స్ మీద నడిచే నాలుగు డిస్కుల బ్యాకప్ అప్లయన్స్ ఉంది. అడ్మిన్ పేజీ తెరుచుకోవడం లేదు, బ్యాకప్ జాబ్‌లు మధ్యలోనే ఆగిపోతున్నాయి. బూట్ అయ్యేటప్పుడు మెనూలో ‘రికవరీ’ అని కనబడుతోంది. అది ఎంచుకుంటే పాత బ్యాకప్‌లు ఉంటాయా? ఏం చేయాలో వరసగా చెప్పండి. (గుంటూరు)

జవాబు: ఉండొచ్చు, పోవచ్చు. ఆ మెనూలో మీరు ఏ వరస మీద ఎంటర్ నొక్కుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇలాంటి పెట్టెల్లో చాలావాటికి రికవరీలో రెండు దారులు ఉంటాయి. ఒకటి రిపేర్: సిస్టమ్ ఫైళ్లను మాత్రమే మళ్లీ రాస్తుంది. రెండోది పూర్తి రికవరీ: డిస్కులను కొత్తగా పార్టిషన్ చేసి (భాగాలుగా విడదీసి), డేటా అరేను (డిస్కులన్నీ కలిపి ఒకటిగా వాడే అమరికను) కూడా మొదటి నుంచి కడుతుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. ‘ఆల్ డేటా’, ‘ఎరేజ్’, ‘రీఇనిషియలైజ్’ అన్న మాటల్లో ఏది కనబడినా చెయ్యి ఆపండి. మీకు మొదట కావలసింది రిపేరే. అది పని చేయకపోతేనే రెండోది.

రికవరీ పార్టిషన్ (ఆ మెనూ వాడుకునే, డిస్కులో విడిగా ఉంచిన భాగం) మీ యంత్రాన్ని కొన్ననాటి స్థితికి తెస్తుంది, అంతే. మీ బ్యాకప్‌లు అందులో లేవు, వాటిని తెరిచే తాళంచెవులూ లేవు. కాబట్టి రీసెట్‌కు ముందు ఎన్‌క్రిప్షన్ కీ లేదా పాస్‌ఫ్రేజ్, కాన్ఫిగరేషన్ ఎక్స్‌పోర్ట్ ఫైలు, లైసెన్స్ సీరియల్, ఐపీ అడ్రస్, గేట్‌వే, డీఎన్ఎస్, ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు, ఇవన్నీ బయట ఉండాలి. కీని పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి, కాగితం మీద ఒక ప్రతి పెట్టి బీరువాలో దాచండి. ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ డిస్కులో భద్రంగానే ఉండి, కీ మాత్రం రీసెట్‌లో పోతే, ఆ డేటాను తయారీదారు కూడా తిరిగి తేలేడు. అడ్మిన్ పేజీ రావడం లేదన్నారు కాబట్టి ఎస్ఎస్‌హెచ్ (మరో కంప్యూటర్ నుంచి కమాండ్లతో లాగిన్ అయ్యే దారి) ద్వారా గానీ, మానిటరు, కీబోర్డు తగిలించి కన్సోల్‌లో గానీ లాగిన్ అయి ఇవి తీసుకోండి. అక్కడే డిస్కు నిండిపోయిందేమో కూడా చూడండి. లాగ్‌లతో (సిస్టమ్ రాసుకునే చిట్టా ఫైళ్లతో) రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉండే భాగం) 100 శాతం నిండితే అడ్మిన్ పేజీ తెరుచుకోదు, జాబ్‌లూ ఆగిపోతాయి. మీరు రాసిన లక్షణాలు రెండూ అవే. పాత లాగ్‌లు తీసేస్తే సర్దుకునే దానికి రీసెట్ ఎందుకు?

రీసెట్ తప్పదని తేలితే, ముందు యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూసుకోండి. ఇమేజ్ (సిస్టమ్ పూర్తి ప్రతి) రాస్తుండగా కరెంటు పోతే సిస్టమ్ సగం రాసి ఉండిపోతుంది, మళ్లీ మొదటి నుంచి చేయాలి. తర్వాత యూఎస్‌బీ డిస్కులు, ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కులు తగిలించే పద్ధతి) కనెక్షన్లు అన్నీ తీసేయండి. రికవరీ స్క్రిప్టులు కొన్ని ‘మొదటి డిస్కు’ మీద రాస్తాయి. తగిలించి ఉన్న యూఎస్‌బీ డిస్కు ఆ వరసలో ముందుకొస్తే దాని మీదే రాసేస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు వేరే చిన్న ఎస్ఎస్‌డీ ఉన్న మోడల్ అయితే, పవర్ ఆపి, డేటా డిస్కులకు స్లాట్ నంబర్లు అంటించి బయటికి తీసి రీసెట్ చేయడం అన్నిటికన్నా క్షేమం. తిరిగి పెట్టేటప్పుడు అదే వరసలో పెట్టండి. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు (డిస్కులను ఒకటిగా కలిపే కార్డు) ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ అని అడిగితే ‘ఇంపోర్ట్’ అనాలి, ‘క్లియర్’ అనకూడదు. సాఫ్ట్‌వేర్ రెయిడ్ (ఆ పనిని లైనక్సే చేసే పద్ధతి) అయితే ఎండీఆడ్మ్ (mdadm) కమాండ్‌తో ‘అసెంబుల్’ చేయాలి. ‘క్రియేట్’ జోలికి వెళ్లొద్దు. అది పాత అరే వివరాల మీద కొత్తవి రాస్తుంది, వరస గానీ చంక్ సైజు (ఒక్కో డిస్కు మీద వరసగా రాసే ముక్క పరిమాణం) గానీ తేడా వస్తే డేటా చిందరవందర అవుతుంది.

నాలుగు డిస్కుల్లోనే ఆపరేటింగ్ సిస్టమ్, డేటా రెండూ ఉన్న మోడల్ అయితే ఈ దారి లేదు. ముందు ఆ బ్యాకప్‌లను మరో చోటికి కాపీ చేయాలి, లేదా పోయినా ఫరవాలేదని నిర్ణయించుకోవాలి. పూర్తి రికవరీ తర్వాత అరే కట్టడానికీ సమయం పడుతుంది. 8 టీబీ డిస్కును సెకనుకు 150 ఎంబీ చొప్పున చివరిదాకా రాయడానికే దాదాపు 15 గంటలు. ఈలోగా మీకు బ్యాకప్ అంటూ ఉండదు, అందుకని శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టండి.

రీసెట్ అయిన పెట్టెను వెంటనే ఆఫీసు నెట్‌వర్క్‌లో పెట్టకండి. దాని పాస్‌వర్డు ఇప్పుడు స్టిక్కర్ మీదిది, సాఫ్ట్‌వేర్ కొన్ననాటిది, ఆ మధ్య వచ్చిన సెక్యూరిటీ ప్యాచ్‌లేవీ అందులో లేవు. ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్ వేసి, మాన్యువల్‌లో చెప్పిన డిఫాల్ట్ ఐపీ ఏ సబ్‌నెట్‌లో (అడ్రస్‌ల శ్రేణిలో) ఉందో ల్యాప్‌టాప్‌కు కూడా అందులోదే ఇచ్చి, పాస్‌వర్డు మార్చండి. ఆపైన తేదీ, టైమ్ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి ఉంటే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సర్టిఫికెట్లు చెల్లవంటుంది, లైసెన్స్ యాక్టివేట్ కాదు, కారణం ఎక్కడా కనబడదు. సెల్ మార్చి, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్ ఇచ్చి, అప్‌డేట్లు వేశాకే పాత కాన్ఫిగరేషన్ ఇంపోర్ట్ చేయండి. వరస ముఖ్యం: కొత్త వెర్షన్‌లో తీసిన కాన్ఫిగరేషన్‌ను, కొత్త వెర్షన్ రాసిన కేటలాగ్‌ను (బ్యాకప్‌ల జాబితాను) పాత వెర్షన్ చదవలేదు. ముందే రాసి పెట్టుకున్న వెర్షన్ నంబరు ఇక్కడ పనికొస్తుంది, కనీసం అంతవరకైనా అప్‌డేట్ అవ్వాలి.

ప్రశ్న: మాది విండోస్ సర్వర్ మీద వీమ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్. డిస్క్‌పార్ట్ కమాండ్‌లో 600 ఎంబీ రికవరీ పార్టిషన్ కనబడుతోంది. దీంతో ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లొచ్చా? (హనుమకొండ)

జవాబు: వెళ్లలేరు. ఆ సైజులో ఉన్నది విండోస్ తనకు తాను పెట్టుకునే విన్ఆర్ఈ (విండోస్ రికవరీ ఎన్విరాన్‌మెంట్). అందులో స్టార్టప్ రిపేర్, కమాండ్ ప్రాంప్ట్ లాంటి సాధనాలు మాత్రమే ఉంటాయి. సర్వర్ తయారీదారు ఇమేజ్ ఇచ్చి ఉంటే ఆ పార్టిషన్ కొన్ని జీబీలు ఉంటుంది, లోపల ఇన్‌స్టాల్ డాట్ విమ్ గానీ, ముక్కలు చేసిన ఎస్‌డబ్ల్యూఎం ఫైళ్లు గానీ కనబడతాయి. రీఏజెంట్‌సీ కమాండ్‌కు స్లాష్ ఇన్ఫో చేర్చి ఇస్తే విన్ఆర్ఈ ఏ పార్టిషన్‌లో ఉందో చెబుతుంది. అది కాక మరో పెద్ద రికవరీ పార్టిషన్ లేకపోతే మీ దగ్గర ఫ్యాక్టరీ ఇమేజ్ లేనట్టే, ఇన్‌స్టలేషన్ ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ చేసే డిస్కు ఫైలు) తోనే పని. ఆ 600 ఎంబీని వృథా అనుకుని చెరపొద్దు. 2024 జనవరిలో విన్ఆర్ఈ కోసం వచ్చిన అప్‌డేట్, ఆ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేనిచోటల్లా 0x80070643 ఎర్రర్‌తో ఆగిపోయింది. ఉన్నదాన్ని వీలైతే కాస్త పెంచుకోండి.

ఐఎస్ఓతో చేసినా, ఇమేజ్‌తో చేసినా మీరు జాగ్రత్త పడాల్సింది రిపాజిటరీ డిస్కు (బ్యాకప్‌లు దాచే డిస్కు) విషయంలో. అది ఆర్ఈఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉందా? సర్వర్ 2019తో కొని, తర్వాత 2022కు అప్‌గ్రేడ్ చేశారా? అయితే 2022 ఆ వాల్యూమ్‌ను మౌంట్ చేసినప్పుడే దాని ఆర్ఈఎఫ్ఎస్ వెర్షన్‌ను 3.4 నుంచి 3.7కు మార్చేసి ఉంటుంది. రీసెట్ అయి మళ్లీ 2019కి వచ్చిన సర్వర్‌కు ఆ వాల్యూమ్ అర్థం కాదు. ‘రా’ అని చూపించి, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. అప్పుడు ‘యెస్’ నొక్కితే నెలల బ్యాకప్ పోతుంది. డిస్కు బాగానే ఉంది, చదివే విండోస్ పాతది, అంతే. 2022 వేయండి, దానంతటదే తెరుచుకుంటుంది. అలాగే ఎస్ఏఎస్, ఐస్కజీ డిస్కులు ‘ఆఫ్‌లైన్’ అని రావచ్చు. అది సాన్ పాలసీ (ఇలాంటి డిస్కులను తనంతట ఆన్‌లైన్ చేయని విండోస్ సెట్టింగు) వల్ల. ఆన్‌లైన్ చేస్తే చాలు, ‘ఇనిషియలైజ్’ చేయకండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే చేతిలో ఉండాలి.

వీమ్ తన కాన్ఫిగరేషన్ బ్యాకప్‌ను డిఫాల్ట్‌గా రోజూ ఉదయం 10 గంటలకు బీసీఓ ఫైలుగా రాస్తుంది. దానికి ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటేనే సర్వర్ల పాస్‌వర్డులు అందులో ఉంటాయి, లేకపోతే రీస్టోర్ తర్వాత ఒక్కొక్కటీ చేత్తో కొట్టాలి. ఈ ఫైలు డిఫాల్ట్ రిపాజిటరీలో, అంటే చాలాచోట్ల అదే సర్వర్‌లో ఉంటుంది. ఈరోజే మరో చోటికి మార్చండి. అది లేకపోయినా దారి ఉంది: రిపాజిటరీని చేర్చి రీస్కాన్ చేస్తే వీబీఎం (బ్యాకప్ వివరాలుండే) ఫైళ్ల ఆధారంగా పాత బ్యాకప్‌లు కనబడతాయి. జాబ్‌లు మాత్రం కొత్తగా రాసుకోవాలి.

ప్రశ్న: ఏడాది కిందట ఒక ఎస్ఎస్‌డీ పోతే టెక్నీషియన్ కొత్తది వేసి మిర్రర్ (ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచే అమరిక) రీబిల్డ్ చేశాడు. ఇప్పుడు బూట్ మెనూలో రికవరీ కనబడడం లేదు. ఎక్కడికి పోయింది? (రాజమహేంద్రవరం)

జవాబు: పాత ఎస్ఎస్‌డీతోనే పోయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో మిర్రర్ అయ్యేది రెయిడ్‌లో చేర్చిన పార్టిషన్లే. రికవరీ పార్టిషన్, ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే భాగం) చాలా పెట్టెల్లో మొదటి డిస్కులో మాత్రమే, రెయిడ్‌కు బయట ఉంటాయి. రీబిల్డ్ వాటిని ముట్టుకోదు. హార్డ్‌వేర్ రెయిడ్ అయితే డిస్కు మొత్తం మిర్రర్ అవుతుంది కాబట్టి ఈ బాధ లేదు. ఒకసారి ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో రెండు ఎస్ఎస్‌డీల పార్టిషన్లూ లేబుళ్లతో సహా చూడండి. పార్టిషన్ ఉండి మెనూలో రాకపోతే వేరే కారణం: మెనూ మూడు నాలుగు సెకన్లే ఉండి పోవచ్చు, లేదా మానిటరుకు బదులు 115200 స్పీడులో సీరియల్ పోర్టుకు పోతుండవచ్చు.

పార్టిషనే లేకపోతే తయారీదారు నుంచి రికవరీ యూఎస్‌బీ ఇమేజ్ తెప్పించుకోవాలి. మోడల్ ఒకటే అయితే సరిపోదు, హార్డ్‌వేర్ రివిజన్ కూడా కలవాలి. వేరే రివిజన్ ఇమేజ్ రెయిడ్ కార్డు డ్రైవర్ లేక డిస్కులే కనబడవంటుంది. డిస్కులు కనబడకపోవడానికి ఇంకో కారణం బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్). సెల్ అయిపోయి సెట్టింగులు పోతే సాటా మోడ్ రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి, బూట్ యూఈఎఫ్ఐ నుంచి లెగసీకి మారవచ్చు. బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే ఆ రోజు గంటల పని మిగులుతుంది.

రికవరీ పార్టిషన్ ఇంకా బతికి ఉన్న పాఠకులకు: లైవ్ లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీ కమాండ్‌తో 4 ఎంబీ బ్లాక్ సైజులో ఆ పార్టిషన్‌ను ఇమేజ్‌గా తీయండి. ఎస్‌జీడిస్క్‌తో పార్టిషన్ టేబుల్‌ను కూడా భద్రం చేయండి. షా256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే సంఖ్య) రాసి పెట్టండి. తిరిగి రాసేటప్పుడు పార్టిషన్ నంబరు, లేబుల్, యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) పాతవే ఉండాలి, గ్రబ్ (బూట్ మెనూ చూపే ప్రోగ్రామ్) వెతికేది వాటితోనే.

ప్రశ్న: మా బ్యాకప్ సర్వర్‌కూ రాన్సమ్‌వేర్ పట్టింది. వెంటనే ఫ్యాక్టరీ రీసెట్ చేసేయమంటున్నారు. (హైదరాబాద్)

జవాబు: వెంటనే చేయకండి. నెట్‌వర్క్ కేబుల్ పీకండి, కానీ డిస్కులను అలాగే ఉంచండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో వారికి తెలపాలి, లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. రీసెట్ ముందుగా చెరిపేది ఆ లాగ్‌లనే. దాడి చేసినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో తెలియకుండా రీసెట్ చేస్తే అదే దారిన మళ్లీ వస్తారు. సిస్టమ్ డిస్కులను పక్కన పెట్టి కొత్త ఎస్ఎస్‌డీలు వేయడం మేలు. అదీ కుదరకపోతే ముందు పూర్తి ఇమేజ్ తీయించండి.

ఈ సందర్భంలో ఆ సర్వర్‌లోని రికవరీ పార్టిషన్‌ను నమ్మొద్దు. అడ్మిన్ హక్కులు దొరికినవాళ్లు దాన్ని చెరపనూ గలరు, మార్చనూ గలరు. శుభ్రమైన మరో కంప్యూటర్‌లో దింపుకుని, చెక్‌సమ్ సరిచూసిన ఇన్‌స్టలేషన్ మీడియాతో చేయండి. రీసెట్ తాకని చోట్లు రెండున్నాయి: బయోస్ ఫర్మ్‌వేర్, సర్వర్ రిమోట్ మేనేజ్‌మెంట్ కార్డు. ఆ కార్డులోని యూజర్లు, పాస్‌వర్డులు మీరు విడిగా మార్చేదాకా పాతవే ఉంటాయి.

ప్రశ్న: సైనాలజీ నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె)ను బ్యాకప్ సర్వర్‌గా వాడుతున్నాం. వెనక రీసెట్ బటన్ నొక్కితే డేటా పోతుందా? (విజయవాడ)

జవాబు: ఎంతసేపు, ఎన్నిసార్లు నొక్కారన్నది చూసుకోవాలి. 4 సెకన్లు పట్టుకుని ఒక బీప్ రాగానే వదిలేస్తే అడ్మిన్ పాస్‌వర్డు, నెట్‌వర్క్ సెట్టింగుల లాంటివి మొదటికొస్తాయి. వెంటనే మరో 4 సెకన్లు నొక్కి మూడు బీప్‌లు వస్తే డీఎస్ఎం (నాస్ ఆపరేటింగ్ సిస్టమ్) మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. వాల్యూమ్‌లోని ఫైళ్లు అప్పుడూ ఉంటాయి. అయితే మొదటి రీసెట్‌తోనే ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్డ్ ఫోల్డర్ల ఆటో మౌంట్ (తనంతట తెరుచుకోవడం) ఆగిపోతుంది. కీ లేకపోతే అవి మళ్లీ తెరుచుకోవు. హైపర్ బ్యాకప్ (సైనాలజీ బ్యాకప్ ప్రోగ్రామ్) టాస్క్‌లో ఎన్‌క్రిప్షన్ పెట్టిన రోజు అది ఇచ్చిన పీఈఎం కీ ఫైలు ఎక్కడుందో బటన్ నొక్కే ముందు వెతకండి.

ప్రశ్న: పాత బ్యాకప్ సర్వర్‌ను అమ్మేస్తున్నాం. ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇస్తే చాలదా? (నెల్లూరు)

జవాబు: చాలదు. రీసెట్ కొత్త పార్టిషన్ టేబుల్, కొత్త సిస్టమ్ రాస్తుంది, మిగతా సెక్టార్లలో మీ ఖాతాదారుల ఫైళ్లు అలాగే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్లు వాటిని బయటికి తీస్తాయి. హార్డ్ డిస్కులైతే మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పూర్తిగా ఓవర్‌రైట్ చేయండి. ఎస్ఎస్‌డీలకు అది సరిపోదు, కంట్రోలర్ పక్కన పెట్టిన బ్లాకులను ఓవర్‌రైట్ చేరుకోలేదు. వాటికి సాటా రకంలో సెక్యూర్ ఎరేజ్, ఎన్‌వీఎంఈ రకంలో ఫార్మాట్ కమాండ్‌తో యూజర్ డేటా ఎరేజ్ వాడాలి. సెక్యూర్ ఎరేజ్ ‘ఫ్రోజెన్’ అంటే సర్వర్ నడుస్తుండగా ఆ డిస్కు పవర్ తీగ తీసి మళ్లీ పెడితే సాధారణంగా విడుతుంది. ఏ ఆదేశానికీ స్పందించని పాడైన డిస్కును అమ్మకంలో చేర్చకుండా డ్రిల్లుతో ప్లాటర్ల మీదుగా రంధ్రాలు చేసి స్క్రాప్‌కు ఇవ్వండి.