భూమి అడగకండి, పండ్లు అడగండి

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. గ్రామసభ తీర్మానంతో మా మహిళా సంఘాలు బంచరాయిలో (ఊరుమ్మడి మేత భూమిలో) సీతాఫలం, నేరేడు, ఉసిరి, మునగ నాటి, ఎండల్లో బిందెలతో నీళ్లు మోసి బతికించాయి. ఇప్పుడు ఊరంతా తింటోంది, అంగన్‌వాడీ పిల్లలకూ ఇస్తున్నాం. ఈ ఏడు కాపును వేలం వేస్తామని పంచాయతీ అంటోంది. మాకు హక్కు లేదా?
– ఒక సంఘం అధ్యక్షురాలు

జవాబు: అమ్మా, చేదు మాట ముందే చెబుతాను. వేరు దిగిన చెట్టు చట్టం దృష్టిలో భూమిలో భాగం. పెంచినందుకే అది మీ సొంతం కాదు. పట్టా ఆశ కూడా వద్దు. ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుంచి కాపాడాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ తీర్పు మీకూ అండే. రేపు ఆ తోట ఎవరి ప్లాట్లుగానో మారబోతే మీరు చూపవలసింది దాన్నే.

అయితే పండు సంగతి వేరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెట్టు మీది పండును చరాస్తిగా చూస్తుంది. ఒక్క కాపు వరకు పంచాయతీతో మామూలు ఒప్పందం చాలు. ఏళ్ల తరబడి కోసుకునే హక్కు కావాలంటే మాత్రం పత్రం రిజిస్టరు చేయించాలి. పొదుపు సంఘం పేరుతో కాకుండా గ్రామ సమాఖ్య పేరుతో రాయించండి. సమాఖ్యలు సాధారణంగా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదై ఉంటాయి కాబట్టి ఒప్పందం నిలుస్తుంది. అంగన్‌వాడీ వాటా ఎంతో అందులోనే రాయించండి. బాలానగర్ పేరుతో సీతాఫలం రకమే ఉన్న జిల్లా మనది. వేలంలో పాడుకున్నవారు కాయలన్నీ బస్తీకి తరలిస్తే మన పిల్లలకు మిగిలేది ఆకులే.

అన్నిటికన్నా ముఖ్యం ఆ తీర్మానం. ధ్రువీకరించిన నకలు పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అనుమతిని నమ్మి, ఖర్చు పెట్టి శాశ్వతమైన పని చేసినవారి అనుమతిని రద్దు చేయకూడదని 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఇతరుల భూమిని వాడుకునే హక్కుల) చట్టం 60వ సెక్షన్ చెబుతోంది. తోట పెంపకం అలాంటి పనేనా అన్నది కోర్టు తేల్చాలి. అవునని వాదించడానికి మీకు బలమైన ఆధారం ఆ తీర్మానమే. మొక్కలు కొన్న రసీదులు, ఫొటోలు కూడా భద్రం చేయండి.

వేలం తేదీకి ముందే కార్యదర్శికి, జిల్లా పంచాయతీ అధికారికి అభ్యంతరం రాసిచ్చి, రసీదు తీసుకోండి. విషయాన్ని మళ్లీ గ్రామసభలో పెట్టమని కోరండి. అప్పటికీ ఆగకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఖర్చుకు భయపడకండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. మహబూబ్‌నగర్ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీర్మానం నకలుతో వెళ్లండి.